మసూరీకి పేరిచ్చిన పొద: మన్సూర్ పండు తినవచ్చా, కూడదా?

మసూరీ అనగానే చాలామందికి ఐఏఎస్ అధికారుల శిక్షణ సంస్థో, వేసవి విడిదో గుర్తుకు వస్తుంది. ఆ ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందని ఉత్తరాఖండ్‌లో అడిగితే మాత్రం, కొండవాలుల్లో గుబురుగా పెరిగే ఒక పొదను చూపిస్తారు. స్థానికులు దానిని మన్సూర్ అనీ, మసూరి అనీ, కొన్నిచోట్ల మకోల అనీ పిలుస్తారు. నేపాలీలో మఛాయినో అంటారు. శాస్త్రీయ నామం కొరియారియా నేపాలెన్సిస్. మనకు తెలిసిన మసూరి బియ్యానికీ, మసూర్ పప్పుకూ ఈ పొదతో ఏ చుట్టరికమూ లేదు; పేర్లు కలవడం కాకతాళీయం.

ఈ పొద గురించి చదవబోయే వారికి మొదట్లోనే ఒక చిక్కు ఎదురవుతుంది. కొన్ని పాత వృక్షశాస్త్ర గ్రంథాలు దీని పండు తినదగినదని, కొండ ప్రాంతాల వారు తింటారని రాశాయి. విషవృక్షాల గురించిన గ్రంథాలు ఇదే మొక్కను మూర్ఛలు తెప్పించి ప్రాణం తీసే జాతిగా నమోదు చేశాయి. ఈ రెంటిలో ఒకటి తప్పై ఉంటుందని అనుకోవడం సహజమే గానీ, నిజానికి రెండూ అబద్ధం కావు. తప్పంతా ‘ఈ మొక్క తినదగినదా?’ అనే ప్రశ్నలోనే ఉంది. మన్సూర్ విషయంలో ఆ ప్రశ్న మొక్క మొత్తానికి వేయవలసినది కాదు. ఏ భాగం, ఏ దశలో, గింజ నలిగిందా లేదా, తిన్నది ఎవరు అని విడివిడిగా అడగవలసినది.

ముందు మొక్కను చూద్దాం. పాకిస్తాన్ వైపు హిమాలయాల నుంచి ఉత్తరాఖండ్, నేపాల్, భూటాన్‌ల మీదుగా మయన్మార్, చైనా కొండల వరకు ఇది కనిపిస్తుంది. మన దేశంలో ఎక్కువగా 1000 నుంచి 2500 మీటర్ల ఎత్తు మధ్య, ఎండ బాగా తగిలే వాలుల్లో, రోడ్డు కోసం తవ్విన గట్ల మీద, రాళ్లు రప్పలు జారిన చోట్ల పెరుగుతుంది. సాధారణంగా మనిషి ఎత్తు, మహా అయితే దానికి కొంచెం పైన. కొమ్మలు విల్లులా వంగి ఉంటాయి. లేత కొమ్మలు గుండ్రంగా కాక నాలుగు పలకలుగా ఉంటాయి. ఆకులు ఎదురెదురుగా జంటలుగా వస్తాయి, కాడ ఉందా లేదా అన్నట్టు కొమ్మకు అంటుకొని ఉంటాయి. ప్రతి ఆకులోనూ అడుగు నుంచే మూడో అంతకంటే ఎక్కువో ప్రధాన ఈనెలు బయలుదేరి కొన వైపు వంపు తిరిగి సాగుతాయి. ఈ మూడు లక్షణాలు, అంటే పలకల కొమ్మ, జంట ఆకులు, అడుగు నుంచి చీలే ఈనెలు కలిసి కనిపిస్తే గుర్తుపట్టడంలో పొరపాటు జరిగే అవకాశం తక్కువ. ఇంకొకటి కూడా గమనించాలి: దీనికి ముళ్లు ఉండవు.

పూలు చలికాలం చివర నుంచి వసంతం వరకు గుత్తులుగా వస్తాయి. చిన్నవి, ఆకుపచ్చ ఎరుపు కలిసిన రంగు, వాసన లేనట్టే. పుప్పొడిని గాలే మోస్తుంది కాబట్టి పురుగులను పిలిచే ఆర్భాటం ఈ పూలకు అక్కర్లేదు. అయితే అసలు కథ పూత రాలవలసిన వేళ మొదలవుతుంది. మామూలుగా పిందె పడగానే పూరేకులు వాడి రాలిపోతాయి. మన్సూర్‌లో అవి రాలవు. ఐదు పూరేకులూ అలాగే నిలిచి, రసం పట్టి, లావెక్కి, లోపలున్న ఐదు చిన్న గట్టి కాయలను చుట్టూ కప్పేస్తాయి. వేసవి ముదిరేసరికి ఎర్రబడి, తర్వాత నల్లని ఊదా రంగుకు తిరుగుతాయి. దూరం నుంచి చూసేవారికి అది నేరేడు రంగులో నిగనిగలాడే చిన్న పండు. వృక్షశాస్త్రం ప్రకారం అది పండే కాదు, కండపట్టిన పూరేకుల గుత్తి. అసలు పండ్లు లోపల గింజల్లా కనిపించే ఆ ఐదు ఎండు కాయలు. ఇక్కడి నుంచి మనం ‘పండు’, ‘గింజ’ అనే మాటలను వాడుకలో ఉన్న అర్థంలోనే వాడుకుందాం. కానీ ఈ తేడా మనసులో ఉంచుకోవాలి, ఎందుకంటే తినడం, తినకపోవడం అనే తగువంతా ఈ రెండు భాగాల మధ్యనే నడుస్తుంది.

తియ్యని రసం ఉన్నది పూరేకుల్లో. విషం ప్రధానంగా ఉన్నది గింజల్లోనూ, ఆకుల్లోనూ, లేత చిగుళ్లలోనూ. మొక్క దృష్టితో చూస్తే ఇందులో వింత లేదు. పక్షి వచ్చి రసం కోసం పండు మింగాలి, గింజను నమలకుండా దూరంగా విసర్జించాలి. నమిలే జంతువు మాత్రం దగ్గరకు రాకూడదు. అవే హిమాలయాల్లో పెరిగే తాలీసపత్రి చెట్టు (ఇంగ్లీషులో యూ అనేది) కూడా ఇదే ఎత్తు వేస్తుంది: గింజ చుట్టూ ఎర్రగా ఉండే మెత్తని కప్పు ఒక్కటి తప్ప ఆ చెట్టులో దాదాపు ప్రతి భాగమూ విషమే. అయితే తాలీసపత్రి పండులో గింజ ఒక్కటే, అదీ కాస్త పెద్దది. నోట్లో వేరు చేయడం సాధ్యం. మన్సూర్‌లో గింజలు ఐదు, ఒక్కొక్కటీ రెండు మిల్లీమీటర్ల వంటి కొలతలో ఉంటాయి. రసం మాత్రమే మింగి అన్ని గింజలనూ ఉమ్మివేశామని చెప్పగలిగిన మనిషి చాలా జాగ్రత్తపరుడై ఉండాలి, పైగా ఆకలిగా లేకుండా ఉండాలి. పిల్లల్లో ఆ రెండు గుణాలనూ ఆశించలేం.

మన్సూర్ చేరిన కొరియారియా ప్రజాతి (దగ్గరి బంధువులైన జాతుల గుంపు) మొక్కల్లో ఉండే విషాల్లో ముఖ్యమైనవి కొరియామిర్టిన్, టుటిన్. ఇవి ఎలా పనిచేస్తాయో తెలియాలంటే మెదడులోని ఒక ఏర్పాటు గురించి చెప్పుకోవాలి. మెదడులో నాడీకణాలు ఒకదానినొకటి ఉత్తేజపరుచుకుంటూ ఉంటాయి. ఆ ఉత్తేజం హద్దు మీరకుండా అదుపు చేసే రసాయనాల్లో గాబా, గ్లైసిన్ ముఖ్యమైనవి. గాబా ఒక నాడీకణం మీది గ్రాహకానికి అతుక్కోగానే అక్కడ ఒక సన్నని మార్గం తెరుచుకుని క్లోరైడ్ అయాన్లు లోపలికి వెళతాయి, కణం శాంతిస్తుంది. టుటిన్, కొరియామిర్టిన్ ఈ అదుపును పనిచేయనివ్వవు. ఫలితంగా ఉత్తేజాన్ని ఆపేవారే లేక మెదడు మొత్తం ఒక్కసారిగా చెలరేగుతుంది. బయటికి కనిపించే రూపం మూర్ఛ. మనకు తెలిసిన కాకమారి గింజల్లోని పిక్రోటాక్సిన్ కూడా ఇదే రసాయన కుటుంబానికి చెందినది, పనిచేసే తీరూ ఇదే. కాకమారి గింజలు నూరి నీళ్లలో కలిపితే చేపలు మత్తెక్కి తేలడం వెనక ఉన్నది ఈ రకం దెబ్బే. చైనాలో పరిశోధకులు ఎలుకల్లో మూర్ఛవ్యాధిని కృత్రిమంగా కలిగించి మందులను పరీక్షించడానికి ఈ ప్రజాతి మొక్కల నుంచి తీసిన పదార్థాన్ని వాడుతున్నారంటే దాని శక్తి ఏపాటిదో ఊహించుకోవచ్చు.

మన్సూర్ ఒంటరి మొక్క కాదు. కొరియారియా ప్రజాతిలో, లెక్కించే పద్ధతిని బట్టి, 15కు అటూ ఇటూగా జాతులు ఉన్నాయి. ఈ ప్రజాతి ఉన్న వృక్ష కుటుంబంలో ఇంకే ప్రజాతీ లేదు. దూరపు బంధువులు ఎవరంటే దోస, గుమ్మడి కుటుంబం. చూపులకు ఏ పోలికా లేకపోయినా వర్గీకరణలో ఒకే క్రమానికి చెందుతాయి. మధ్యధరా తీరంలో ఒక జాతి, హిమాలయాల నుంచి జపాన్ దాకా కొన్ని, న్యూజిలాండ్‌లో కొన్ని, మెక్సికో నుంచి చిలీ దాకా కొన్ని. ఇలా ప్రపంచ పటం మీద చెల్లాచెదురుగా చల్లినట్టు ఉండే ఈ విస్తరణ వృక్షశాస్త్రజ్ఞులకు చాలాకాలంగా ఆసక్తికరమైన సమస్య. మనకు ఇక్కడ కావలసింది వేరు: ఇంత దూరదూరాల్లో, ఒకరితో ఒకరికి సంబంధం లేని ప్రజలు ఈ ప్రజాతి పండ్లతో పడిన పాట్లు ఒకే రకంగా ఉన్నాయి.

అన్నింటికంటే వివరంగా తెలిసినది న్యూజిలాండ్ అనుభవం. అక్కడి కొరియారియా జాతులను ఆ దేశపు మూలవాసులైన మావోరీలు టుటు అంటారు. టుటిన్ అనే పేరు అందులోంచే వచ్చింది. 1773లో కెప్టెన్ కుక్ అక్కడి తీరంలో వదిలిన గొర్రెల జంట కొద్ది రోజులకే చనిపోయింది. విషపు మొక్కేదో తినడమే కారణమని అప్పట్లోనే అనుకున్నారు, అది టుటు అయి ఉంటుందని తర్వాతి వారి ఊహ. తర్వాత వలస వచ్చిన యూరోపియన్ల పశువులూ గొర్రెలూ పెద్ద సంఖ్యలో ఈ పొదకు బలయ్యాయి. 1869లో ఒటాగో ప్రాంతంలో ఒక ఏనుగు కూడా టుటు మేసి చనిపోయింది. అదే గడ్డ మీద మావోరీలు తరతరాలుగా ఈ పండు రసాన్ని ఇష్టంగా తాగుతూ వచ్చారు. వారి కిటుకు వడకట్టడంలో ఉంది. పండ్లను మెల్లగా పిండి, సన్నని నారతో అల్లిన సంచుల గుండా రసాన్ని వడపోసి, ఒక్క గింజ కూడా జారకుండా చూసుకునేవారు. ఆ రసాన్ని సముద్రపు నాచుతో కలిపి గట్టిపరచి తినడం కూడా ఉండేది. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, మావోరీలు ‘టుటు పండు తిన్నారు’ అని రాస్తే అది సగం నిజమే. వారు తిన్నది పండును కాదు, ఒక పద్ధతి ప్రకారం పండు నుంచి వేరుచేసిన రసాన్ని. పద్ధతిని వదిలేసి ఫలితాన్ని మాత్రం పట్టుకొస్తే ‘తినదగినది’ అనే ఒంటి మాట మిగులుతుంది. హిమాలయాల మన్సూర్ గురించి పాత గ్రంథాల్లో కనిపించే మాట కూడా చాలావరకు ఇలా పొట్టిపడినదేనని నా అభిప్రాయం.

జపాన్‌లో పెరిగే జాతిని ఆ దేశపు మూడు ప్రధాన విషపు మొక్కల్లో ఒకటిగా చెబుతారు, మిగతా రెంటిలో ఒకటి అక్కడి వత్సనాభి. తియ్యగా ఉంటుందని పిల్లలు కోసుకు తినడమే అక్కడి ప్రమాదాలకు ముఖ్య కారణంగా ఉండేది. స్పెయిన్, దక్షిణ ఫ్రాన్స్‌లలో పెరిగే జాతి పండును నల్లని బ్లాక్‌బెర్రీ అనుకుని తినడం వల్ల విషప్రభావాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఆ జాతి ఆకుల్లో తోళ్లు ఊనడానికి పనికొచ్చే టానిన్లు ఎక్కువ. లాటిన్‌లో తోలును కోరియం అంటారు, ప్రజాతి పేరు అక్కడి నుంచి వచ్చింది. ఆ ఆకులనే ఒకప్పుడు యూరప్ వ్యాపారులు విరేచనానికి వాడే సునాముఖి ఆకుల్లో కల్తీగా కలిపేవారు. సుఖవిరేచనం కోసం కొన్న ఆకుతో మూర్ఛ వచ్చిన రోగుల సంగతి తలుచుకుంటే, మూలికల కల్తీ ఈ కాలపు జాడ్యమే అనుకోవడానికి వీల్లేదు.

మొక్క దగ్గరకు వెళ్లకుండానే దాని విషం మనిషిని చేరిన ఉదంతం ఇంకా విచిత్రమైనది. న్యూజిలాండ్‌లో ఒక రకం రసం పీల్చే పురుగు టుటు కొమ్మల నుంచి రసం తాగి, మిగిలినదాన్ని తియ్యని జిగురుగా విసర్జిస్తుంది. వర్షాలు తక్కువగా ఉండి వేరే పూలు దొరకని రోజుల్లో తేనెటీగలు ఆ జిగురును సేకరిస్తాయి. తేనెటీగలకు ఏమీ కాదు. తేనెలో మాత్రం టుటిన్ చేరుతుంది. 2008లో కోరమాండల్ ద్వీపకల్పంలోని తేనెతో 20 మందికి పైగా అస్వస్థులయ్యారు. ఆ తర్వాత ఆ దేశం తేనెలో టుటిన్‌కు పరిమితి విధించింది. ఇప్పుడు అది కిలోకు 0.7 మిల్లీగ్రాములు. నేపాల్ ‘పిచ్చి తేనె’ గురించి విన్నవారు ఇది అదే అనుకోవచ్చు. కాదు. అది రోడోడెండ్రాన్ పూల నుంచి వచ్చే గ్రయనోటాక్సిన్ వల్ల కలిగేది. అది ప్రధానంగా గుండె వేగాన్నీ రక్తపోటునూ పడగొడుతుంది, మూర్ఛలు దాని ముఖ్య లక్షణం కాదు. కొరియారియా, రోడోడెండ్రాన్ రెండూ హిమాలయాల్లో ఉన్నవే అయినా వైద్యం వేరు కాబట్టి కలగాపులగం చేయకూడదు.

మళ్లీ మసూరీ కొండలకు వద్దాం. మన్సూర్ పండే కాలంలోనే, దాదాపు అవే వాలుల్లో, నిజంగా తినదగిన పొదపండ్లు చాలా ఉంటాయి: పసుపుపచ్చని హిసాలు, నల్లని నీలం రంగు కిల్మోడా, కొంచెం తర్వాత ఎర్రని ఘింఘారు. నడుచుకుంటూ కొండెక్కే కొత్తవారు ఒకటి తిని బాగుందనుకుని, పక్కనున్న నల్లని గుత్తికీ చెయ్యి చాచడమే ప్రమాదానికి దారి. ఈ మూడింటికీ ఉన్న ఒక ఉమ్మడి లక్షణం ఇక్కడ సాయపడుతుంది. హిసాలుకు కొమ్మల నిండా ముళ్లు, కిల్మోడాకు ఆకుల మొదట్లో మూడు చీలికల ముల్లు, ఘింఘారుకు గట్టి కొమ్మముళ్లు. మన్సూర్ చేతికి గుచ్చుకోదు. ముల్లున్నదల్లా మంచిదనే సూత్రం ఏ అడవిలోనూ పనికిరాదు. కానీ ఈ ఒక్క వాలు మీద, ఈ ఒక్క పోలికకు సంబంధించినంతవరకు, ముళ్లు లేకుండా జంట ఆకులతో ఉన్న నల్లని గుత్తిని వదిలేయడం తెలివైన పని.

‘మా ఊళ్లో చిన్నప్పటి నుంచి తింటున్నాం, ఎవరికీ ఏమీ కాలేదు’ అనే మాటను కూడా తేలిగ్గా కొట్టేయలేం. అలా చెప్పేవారు అబద్ధమాడటం లేదు. బాగా పండినవి నాలుగైదు తిని గింజలు ఉమ్మేసినవారికి ఏమీ కాకపోవచ్చు. నమలకుండా మింగిన గింజ చెక్కుచెదరకుండా బయటికి పోవచ్చు కూడా. అయితే ఆ అనుభవంలో ఎన్ని షరతులు కలిసి ఉన్నాయో చెప్పేవారికే తెలియదు: ఏ పొద నుంచి, ఏ వారంలో, ఎన్ని, ఎలా నమిలి తిన్నారు అనేది వారు ఎప్పుడూ లెక్కపెట్టలేదు, అక్కర్లేకపోయింది. పచ్చికాయలో విషం ఎక్కువగా ఉంటుందని మధ్యధరా జాతి విషయంలో తెలిసిన సంగతే. పెద్దవారి ఒంటికి తట్టుకోదగిన మోతాదు పదిహేను కిలోల పిల్లవాడికి కాదు. అలవాటు ఉన్న చోట ఆ షరతులన్నీ వాటంతటవే అమరి ఉంటాయి. ఆ అలవాటు లేని మనిషికి పండు మాత్రమే చేరుతుంది. అందుకే నా తీర్పు సూటిగా చెబుతాను: కొత్తవారు దీన్ని రుచి కూడా చూడనక్కర్లేదు. రసం తీసి సీసాల్లో పోయాలనీ, అడవి పండ్ల జామ్ చేయాలనీ ఆలోచన ఉన్నవారు మరీ దూరంగా ఉండాలి. మిక్సీ గింజను నలిపేస్తుంది. నోటితో తినేటప్పుడు ఉన్న ఆ కాస్త రక్షణ కూడా అక్కడ పోతుంది.

తిన్న తర్వాత లక్షణాలు అరగంటలో మొదలు కావచ్చు, కొన్ని గంటలు ఆలస్యం కావచ్చు. వికారం, వాంతులు, తల తిరగడం, అకారణమైన ఉద్రేకం, మాట తడబడటం, కనుపాపలు చిన్నవి కావడం ముందుగా కనిపిస్తాయి. తీవ్రమైతే ఒంటిమీద స్పృహ తప్పి మూర్ఛలు వరుసగా వస్తాయి, ఊపిరి ఆడక ప్రాణాపాయం ఏర్పడుతుంది. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. ఆసుపత్రిలో డయాజిపామ్, లోరాజిపామ్ వంటి మందులతో మూర్ఛలను ఆపుతారు, అవసరమైతే కృత్రిమ శ్వాస ఇస్తారు. ఆ మందులు పనిచేసేది కూడా గాబా మార్గం మీదనే, విషం అణచివేసిన అదుపును అవి బలపరుస్తాయి. ఇంటి దగ్గర చేయవలసింది తక్కువ, చేయకూడనిది ముఖ్యం: ఉప్పునీళ్లు తాగించో గొంతులో వేలు పెట్టో వాంతి చేయించకూడదు, ఎందుకంటే ఆ సమయంలోనే మూర్ఛ వస్తే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మూర్ఛ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ కుక్కకూడదు. లక్షణాలు కనిపించకపోయినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, వెళ్లేటప్పుడు ఆకులూ పండ్లూ ఉన్న ఒక కొమ్మను వెంట తీసుకెళ్లాలి. వైద్యుడికి ‘ఏదో నల్ల పండు’ అనే మాట కంటే ఆ కొమ్మ ఎక్కువ చెబుతుంది.

ఇంత విన్నాక ఈ పొదను ఊరి చుట్టూ నరికేయాలనిపించవచ్చు. బడి ఆవరణలో, అంగన్‌వాడీ పక్కన, పశువులను కట్టేసే చోట ఉంటే తీసేయడం సమంజసమే. మిగతా చోట్ల దాని ఉనికిని వేరే కోణంలో చూడాలి. మన్సూర్ వేళ్ల మీద బుడిపెలు ఉంటాయి. వాటిలో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి కాపురముండి గాలిలోని నత్రజనిని మొక్కకు అందే రూపంలోకి మారుస్తుంది. పప్పుజాతి మొక్కల వేళ్లలో రైజోబియం చేసే పనే ఇది, కానీ జీవి వేరు, పప్పుజాతితో దీనికి సంబంధం లేదు. ఈ ఏర్పాటు వల్లనే మట్టి కొట్టుకుపోయి, రాయి తేలి, ఇంకేదీ మొలవని చోట మన్సూర్ మొలవగలుగుతుంది. ఉత్తరాఖండ్‌లోని కుమావూ హిమాలయాల్లో కొండచరియలు విరిగిపడిన వాలులపై జరిగిన అధ్యయనాల్లో ముందుగా వచ్చి స్థిరపడే పొదల్లో ఇది ఒకటిగా కనిపించింది. రాలిన ఆకులు కుళ్లి నత్రజని నేలలో చేరుతుంది, గుబురుగా అల్లుకున్న వేళ్లు వదులు మట్టిని పట్టి ఉంచుతాయి. ప్రతి వర్షాకాలంలోనూ రోడ్లు తెగిపోయే ఆ రాష్ట్రంలో ఈ సేవకు విలువ కట్టడం కష్టం. పశువులు దీన్ని సాధారణంగా మేయకపోవడం కూడా ఇక్కడ లాభమే. మేకలు నోరు పెట్టే మొక్క అయితే, కొత్తగా జారిన వాలు మీద అది ఎదిగేదాకా బతికి ఉండేది కాదు.

అయితే మన్సూర్‌కు ఎండ కావాలి. అది పట్టి నిలిపిన మట్టిలో, అది చేర్చిన నత్రజనితో తర్వాతి దశ చెట్లు లేచి నీడ పరిచేసరికి ఈ పొద పలచబడుతుంది. నల్లని గుత్తులు దట్టంగా కనిపించే చోటు చాలా సందర్భాల్లో ఈమధ్యనే తెగిన గట్టో, జారిన వాలో అయి ఉంటుంది. ఆ వాలు మీద నడిచేవారు పండు సంగతి పక్కన పెట్టి, ముందు కాలి కింది మట్టిని చూసుకోవడం మంచిది.